క్రూయిజ్ ఓడలో ఒంట్లో బాగలేకపోతే: మమ్మల్ని అందరూ అడిగే ప్రశ్నలు

మాది నెల్లూరు. పోయినేడాది అమ్మానాన్నల్ని, మా ఆవిడని, పిల్లోడిని తీసుకుని చెన్నైలో క్రూయిజ్ ఎక్కాం. చెన్నై నుంచి విశాఖ, అక్కణ్నుంచి పుదుచ్చేరి, మళ్లీ చెన్నై. ఎక్కింది సాయంత్రం. మర్నాడు పొద్దున నాన్న కోసం చెన్నైలో ఒక ఆస్పత్రి ఐసీయూ బయట ఉన్నాం. విశాఖ మేం చూడనే లేదు.

అప్పట్నుంచి ఏ పెళ్లికి పోయినా భోజనాల దగ్గర ఇదే మాట. ఒంగోలులో మా బావ స్నేహితులు ఏడుగురు సింగపూర్ క్రూయిజ్ బుక్ చేసుకుని ఫోన్ల మీద ఫోన్లు. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసిపెడుతున్నా. నేను డాక్టర్ని కాదు, బ్యాంకు ఉద్యోగిని. ఆ రాత్రి కళ్లారా చూసిందీ, తర్వాత డాక్టర్లని, తెలిసినవాళ్లని అడిగి తెలుసుకున్నదీ ఇందులో ఉంది.

అసలు ఆ రాత్రి ఏం జరిగింది?

నాన్నకి 68. రిటైరైన హెడ్మాస్టరు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, రెంటికీ మాత్రలు వేసుకుంటాడు. ఓడ రేవు దాటింది ఏడింటికి. ఎనిమిదిన్నరకి బఫేలో రొయ్యల వేపుడు రెండోసారి పెట్టించుకున్నాడు, "మన కూర ముందు ఇదేం రుచి" అని వంక పెడుతూనే. తొమ్మిదిన్నరకి గుండెల్లో బరువుగా ఉందని అమ్మతో అన్నాడంట. "పిల్లోళ్లు సంతోషంగా ఉండారు, చెప్పబాక" అని ఒట్టేయించుకున్నాడు. ఈనో కలుపుకుని తాగాడు. ఒక్కడే డెక్కు మీద నాలుగు చుట్లు తిరిగాడు, గ్యాసు పోతుందని.

పన్నెండున్నరకి అమ్మ మా గది తలుపు కొట్టింది. పోయి చూస్తే మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఏసీ గదిలో చొక్కా వీపంతా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఒక చేయి రొమ్ము మీద, ఇంకో చేతిలో టీవీ రిమోటు. టీవీలో ఓడ ఎక్కడుందో చూపించే మ్యాపు. "ఒరే అబ్బయా, చూడు, మన కృష్ణపట్నం ఎదురుగా ఉండాం. ఇది గ్యాసేలే, పడుకో పో" అన్నాడు. మా ఆవిడ ఒక్కటే అడిగింది: "మామయ్యా, దవడ లాగుతోందా?" ఆయన పలకలేదు. ఆమె అప్పటికే గోడకున్న ఫోను ఎత్తింది.

నర్సు వీల్‌చైర్ తోసుకుంటూ వచ్చింది. కింది అంతస్తులో ఉన్న క్లినిక్‌కి తీసుకుపోయి ఈసీజీ తీశారు. గుండెపోటే. డాక్టరు మాత్రలు మింగించి, పాత జబ్బులూ మందులూ అన్నీ అడిగి, నా చేత సంతకం పెట్టించుకుని, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చాడు. ఓడ వెనక్కి తిరిగింది. తెల్లారాక చెన్నై రేవు బయటికి కోస్ట్ గార్డ్ పడవ వచ్చింది. స్ట్రెచర్‌కి పట్టీలు బిగించి, ఓడ పక్కన నీటికి దగ్గరగా ఉండే తలుపులోంచి అందించారు. పడవ పైకి లేస్తుంది, కిందికి పోతుంది. పైకి లేచిన క్షణం చూసి అందుకున్నారు. అది చూస్తూ ఊపిరి తీసుకోవడం నేనే మర్చిపోయా. ఆ రోజే యాంజియోగ్రామ్, ఒక స్టెంట్. ఇప్పుడు బాగున్నాడు. పొద్దునా సాయంత్రం నడుస్తున్నాడు.

ఓడలో డాక్టరు ఉంటాడా? లేక ఫస్ట్ ఎయిడ్ పెట్టేనా?

ఉంటారు. 2006 నాటి సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, 100 మంది, అంతకు మించి ఎక్కించుకుని మూడు రోజులకు మించి అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడల్లో అర్హత ఉన్న డాక్టరు ఉండి తీరాలి. పెద్ద క్రూయిజ్ ఓడల్లో డాక్టర్లతో పాటు నర్సులు, రెండుమూడు పడకల ఐసీయూ లాంటి గది, ఈసీజీ, గుండెకి షాక్ ఇచ్చే యంత్రం, వెంటిలేటర్, ఎక్స్‌రే, కొద్దిపాటి రక్త పరీక్షలు ఉంటాయి. ఇవన్నీ ఉండాలని అమెరికాలోని అత్యవసర వైద్యుల సంఘం మార్గదర్శకాలు రాసింది, పెద్ద కంపెనీలు వాటిని పాటిస్తాయి. చిన్న ఓడల్లో, ఒకట్రెండు రాత్రుల ట్రిప్పుల్లో ఏం ఉంటుందో బుక్ చేసేముందే అడగండి. టికెట్ అమ్మేవాడికి తెలియదు. "అన్నీ ఉంటాయి సార్" అంటాడు. ఓడ కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మరి ఏముండవు?

క్యాథ్ ల్యాబ్ (గుండె నాళాల్లోకి సన్నటి గొట్టం పంపి చికిత్స చేసే గది) ఉండదు. అంటే స్టెంట్ వేయలేరు. పెద్ద ఆపరేషన్లు చేయలేరు, బ్లడ్ బ్యాంకు ఉండదు, మామూలుగా సీటీ స్కాన్ కూడా ఉండదు. ఓడ డాక్టరు పని మనిషిని ఒడ్డుదాకా నిలబెట్టడం. మన నెల్లూరులో ఆస్పత్రులన్నీ ఉండే పొగతోటలో ఒక్క సందులో దొరికే స్పెషలిస్టులు సముద్రం మీద దొరకరు.

కృష్ణపట్నం ఎదురుగా ఉన్నారన్నారు కదా. అక్కడే దించేసి నెల్లూరు తీసుకుపోవచ్చుగా?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఆ రాత్రి నేనూ అడిగా, కొంచెం గట్టిగానే అడిగా. కృష్ణపట్నం నుంచి నెల్లూరుకి పాతిక కిలోమీటర్లు, ఆస్పత్రిలో మాకు తెలిసినవాళ్లు, ఇంటి తాళం నా జేబులో. ఎట్టా ఊరుకుంటాం?

మ్యాపులో "ఎదురుగా" అంటే రోడ్డుకి అవతల వైపు కాదు. చెన్నై నుంచి విశాఖకి ఓడ మన తీరం వెంబడి పోదు, ఈశాన్యంగా అడ్డం కొట్టుకుంటూ పోతుంది. మన జిల్లా దాటేటప్పుడు ఒడ్డు 50 నాటికల్ మైళ్ల దూరంలో ఉంటుంది. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, లెక్కేస్తే 90 కిలోమీటర్ల పైమాట. నెల్లూరు నుంచి ఒంగోలు పోయేదానికన్నా తక్కువే, కారులో అయితే గంటన్నర. ఓడ గంటకి 15, 16 నాటికల్ మైళ్లు పోతే గొప్ప. ఆ లెక్కన ఒడ్డు చేరడానికే మూడు గంటలు దాటుతుంది. చేరాక అది సరుకుల రేవు. అనుమతి కావాలి, రేవులోకి దారి చూపే పైలట్ ఓడలోకి ఎక్కాలి, బెర్తు, అంటే రేవులో ఓడ కట్టే చోటు, ఖాళీగా ఉండాలి. అర్ధరాత్రి అవన్నీ కూడగట్టేసరికి చెన్నై వైపు పోవడమే మేలని కెప్టెన్ తేల్చాడు. చెన్నైలో కోస్ట్ గార్డ్ పడవలున్నాయి, అంబులెన్సు రేవు గేటు దాకా వస్తుంది, గుండె ఆస్పత్రులు ఊరంతా ఉన్నాయి. అప్పుడు కోపం వచ్చింది కానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఆయన లెక్క సరైందే.

ఇంకో లెక్క కూడా ఉంది, అది నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. తొమ్మిదిన్నరకి నాన్న నోరు విప్పి ఉంటే ఓడ చెన్నైకి రెండున్నర గంటల దూరంలోనే ఉంది. ఆయన డెక్కు మీద చుట్లు తిరిగినంతసేపూ ఓడ ఆస్పత్రికి దూరంగా పోతానే ఉంది. ఇంట్లో నొప్పి దాచిపెడితే ఆస్పత్రి ఉన్నచోటే ఉంటుంది. ఓడలో అట్టా కాదు.

హెలికాప్టర్ పిలవరా?

సినిమాలో పిలుస్తారు. నిజంగానూ పిలుస్తారు, కానీ ఒడ్డుకి దూరం, రాత్రా పగలా, గాలి ఎట్టా ఉంది, రోగిని తాడు మీద వేలాడదీసి పైకి లాగితే తట్టుకుంటాడా, ఇవన్నీ చూస్తారు. హెలికాప్టర్ వచ్చి, కాసేపు గాల్లో నిలబడి, తిరిగి పోవడానికీ ఇంధనం మిగలాలి. అందుకే నడిసముద్రంలో ఉన్న ఓడకి అది అందదు. మన దేశంలో సముద్ర రక్షణ సమన్వయ కేంద్రాలు ముంబై, చెన్నై, పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) ఉన్నాయి. మన తీరం చెన్నై కిందికి వస్తుంది. కోస్ట్ గార్డ్ నంబరు 1554. అయితే క్రూయిజ్‌లో ఉన్నవాళ్లు సొంతంగా ఫోన్ చేయాల్సిన పని లేదు, కెప్టెనే మాట్లాడతాడు. ఈ నంబరు మన జువ్వలదిన్నె, కొత్తపట్నం వైపు బోట్ల వాళ్లకి కంఠతా వచ్చు. పడవలో ఎవరికి ఏమైనా వాళ్లు పిలిచేది ఇదే. డాక్టరు లేని పడవ మీద ప్రాణాలు పెట్టుకుని పోయేవాళ్లు వాళ్లు, మనం ఏసీ గదిలో ఉండి భయపడుతున్నాం.

గుండెనొప్పా, గ్యాసా ఎట్టా తెలుస్తుంది?

మీకు తెలియదు. నాకూ తెలియదు. ఈసీజీకి తెలుస్తుంది, ఒక్కోసారి దానికి కూడా మొదటిసారి తెలియక మళ్లీ తీస్తారు. చెమటలు, ఎడమ చేయీ దవడా వీపూ లాగడం, ఆయాసం, వికారం, వీటిలో ఏదున్నా సరే. షుగరు ఉన్నవాళ్లకి నొప్పి లేకుండా ఉత్త ఆయాసమో నీరసమో వచ్చి కూడా గుండెపోటు అవుతుంది. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తస్రావం సమస్య ఉన్నవాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమలమంటారు. మీకు అది పనికొస్తుందో లేదో బయల్దేరకముందే మీ డాక్టర్ని అడిగి రాయించుకోండి. ఓడలో అయితే ముందు ఫోను, తర్వాతే మాత్ర.

పక్షవాతం వస్తే?

మూతి ఒక పక్కకి పోవడం, చేయి లేవకపోవడం, మాట ముద్దగా రావడం. కనిపించిన టైము చూసి కాగితం మీద రాసుకోండి, డాక్టర్లు మొదట అడిగేది అదే. సీటీ స్కాన్ లేకుండా అది గడ్డో రక్తస్రావమో తేలదు. తేలకుండా గడ్డ కరిగించే మందు ఇవ్వకూడదు. ఓడలో పెద్దగా చేయగలిగింది లేదు, ఒడ్డుకి చేర్చడమే.

ఎవరికి చెప్పాలి? రిసెప్షన్‌కి పరిగెత్తాలా?

పరిగెత్తొద్దు, గదిలో ఫోను ఉంటుంది. అత్యవసర నంబరు దాని మీదో, పక్కన అట్ట మీదో రాసి ఉంటుంది. గదిలోకి పోగానే సెల్ఫీ కన్నా ముందు దాన్ని చదవండి. డెక్కు మీద ఉంటే యూనిఫాంలో కనబడిన ఎవరికైనా చెప్పండి. "ఆల్ఫా ఆల్ఫా ఆల్ఫా" అని మైకులో వినబడితే చాలా ఓడల్లో అది వైద్య బృందానికి పిలుపు. కంగారు పడకండి, దారికి అడ్డం తొలగండి.

బిల్లు ఎంతవుతుంది?

టికెట్లో భోజనం ఉంటుంది, పాటకచేరీ ఉంటుంది, డాక్టరు ఉండడు. ప్రతిదీ మీ గది ఖాతాలో రాస్తారు. మేం పోయింది దేశంలోపలి ట్రిప్పు కాబట్టి రూపాయల్లో పడింది. విదేశీ ఓడల్లో డాలర్లలో ఉంటుంది, జలుబుకి చూపించుకున్నా ఫీజు వంద డాలర్లు దాటడం మామూలే. ఐసీయూలో ఒక రాత్రి అంటే వేల డాలర్లు. దిగేలోపు కట్టాల్సిందే. ఇన్సూరెన్సు ఉన్నా ముందు మీరు కట్టి తర్వాత వాళ్ల దగ్గర రాబట్టుకోవాలి. క్రెడిట్ కార్డు లిమిటు సరిపడా ఉందో లేదో చూసుకోండి, విదేశీ వాడకం ఆన్ చేసుకోండి. బ్యాంకోణ్ని కాబట్టి ఇది రెండుసార్లు చెబుతా: ఆన్ చేసుకోండి.

ఆరోగ్యశ్రీ పనికొస్తుందా? ఇంట్లో ఉన్న హెల్త్ పాలసీ?

ఆరోగ్యశ్రీ (మన రాష్ట్రంలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లోనే. ఓడ ఆస్పత్రి కాదు.

హెల్త్ పాలసీ దగ్గర మేం దెబ్బతిన్నాం. చెన్నై ఆస్పత్రిలో స్టెంట్ బిల్లుకి పాలసీ పనిచేసింది, ఇబ్బంది లేదు. ఓడ క్లినిక్ బిల్లు పంపితే మాత్రం తిప్పికొట్టారు. మన పాలసీల్లో "ఆస్పత్రి" అంటే ఏంటో నిర్వచనం ఉంటుంది: రిజిస్ట్రేషన్ ఉండాలి, లేదంటే 10 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలో కనీసం 10 పడకలు, మిగతాచోట్ల 15 పడకలు ఉండాలి. ఓడలో అన్ని పడకలెక్కడివి? "సముద్రం జనాభా ఎంత సార్?" అని ఫోన్లో అడిగా. అవతలామె నవ్వాపుకుంది కానీ క్లెయిమ్ రాలేదు. ఆ కంపెనీ పేరు రాయను, ఎవరైనా అదే అనేవాళ్లు. మీకు అన్యాయం జరిగిందనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ (ఇన్సూరెన్సు కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి పోవచ్చు. మనకి హైదరాబాద్ ఆఫీసు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

మన దేశం పాలసీలు మామూలుగా విదేశాల్లో పనిచేయవు. సింగపూర్ పోయే మా బావ స్నేహితులకి ట్రావెల్ ఇన్సూరెన్స్ విడిగా తప్పదు.

ఆ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఏం చూడాలి?

ప్రీమియం చూడకండి, మినహాయింపులు చూడండి. క్రూయిజ్ ప్రయాణానికి వర్తిస్తుందని రాసి ఉందా? కొన్నిట్లో అది విడిగా కలుపుకోవాలి. అత్యవసర తరలింపు ఖర్చు ఉందా, ఎంత వరకు? సముద్రం మీంచి తరలించి, ఎయిర్ అంబులెన్సులో ఇంటికి చేర్చడం అంటే లక్షలు కాదు, పదుల లక్షలు. శవాన్ని స్వదేశానికి తేవడం కూడా అందులో ఉందో లేదో చూడండి, మనసొప్పకపోయినా చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఉన్న జబ్బులు దాచకండి. మా కాలనీలో ఒకాయన "షుగరు అని రాస్తే ప్రీమియం పెరుగుద్ది" అని ఫారంలో "లేదు" టిక్కు పెట్టాడు. ఆయన జేబులో మెట్ఫార్మిన్ స్ట్రిప్పు అప్పుడే ఉంది! ఓడ డాక్టరు తన రికార్డులో "పదేళ్లుగా షుగరు" అని రాస్తాడు, ఆ రికార్డే క్లెయిమ్‌తో పోతుంది. పాత జబ్బులకి పూర్తిగా కాకపోయినా ప్రాణాపాయంలో కొంత వరకు ఇచ్చే పాలసీలున్నాయి, అడిగి తీసుకోండి. సహాయ కేంద్రం నంబరు ఫోన్లో మాత్రమే కాక కాగితం మీద కూడా ఉండాలి. ఎక్కువ పాలసీల్లో 24 గంటల్లోపు వాళ్లకి చెప్పాలంటారు. ఓడ వైఫై డబ్బులిచ్చి కొనుక్కునేది, సముద్రం మధ్యలో మీ సిమ్ముకి సిగ్నల్ ఉండదు.

వేరే దేశం రేవులో దించేస్తే?

దించుతారు, ఓడ ఆగదు. రోగితో ఒకరిని దిగనిస్తారు, మీ సామాను మీ వెంట ఇస్తారు, మిగిలినవాళ్లు సాగిపోతారు. అందుకే ఎవరు దిగాలో ఇంట్లోనే అనుకోండి. ఇంగ్లీషు వచ్చినవాళ్లు, కార్డు ఉన్నవాళ్లు, భయపడనివాళ్లు. ముగ్గురూ ఒకరే అయితే అదృష్టం. పాస్‌పోర్టులు కొన్ని ఓడల్లో వాళ్ల దగ్గరే పెట్టుకుంటారు, దిగేముందు గుర్తుపెట్టుకుని అడిగి తీసుకోండి. వీసా ఒకసారి ప్రవేశానికా, పలుమార్లకా చూసుకోండి. ఓడ రేవులో ఉన్న కొన్ని గంటలకి ఇచ్చే అనుమతితో పది రోజులు ఆస్పత్రిలో ఉండటం కుదరకపోవచ్చు. పొడిగించాలి.

అక్కడి మన రాయబార కార్యాలయానికో హైకమిషన్‌కో ఫోన్ చేయండి. డబ్బులు లేక చిక్కుకుపోయినవాళ్లకి సాయం చేయడానికి 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. అర్హత చూసి ఇస్తారు, అందరికీ హక్కుగా రాదు.

ట్రిప్పు డబ్బులు వెనక్కి వచ్చాయా?

రాలేదు.

సముద్రపు వాంతులకి ఏం చేయాలి?

ఓడ ఊగడం మొదలయ్యాక మాత్ర వేసుకుంటే అది కూడా బయటికే వస్తుంది. అవోమిన్ లాంటిది గంట ముందు వేసుకోవాలి, నిద్ర వస్తుంది, ప్రోస్టేటు సమస్య, గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్న పెద్దవాళ్లు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. గది బుక్ చేసేటప్పుడు ఓడ నడిమధ్యలో, కింది అంతస్తులో అడగండి, ఊపు తక్కువ. వాంతులతో పాటు విరేచనాలుంటే అది సముద్రం పని కాదు, నోరో వైరస్ కావచ్చు. క్లినిక్‌కి చెప్పండి, రెండ్రోజులు గదిలోనే ఉండమంటారు. దాచిపెట్టి బఫేకి పోతే ఓడంతా పాకుతుంది. దానికి శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బూ నీళ్లే.

మందులు ఎట్టా తీసుకుపోవాలి?

చేతి సంచిలో. చెకిన్ ఇచ్చిన పెట్టె గదికి చేరేసరికి గంటలు పడుతుంది, మాది రాత్రి ఎనిమిదికి వచ్చింది. ప్రయాణం రోజులకి తోడు ఇంకో వారానికి సరిపడా పెట్టుకోండి. మందుల చీటీలో కంపెనీ పేర్లు కాదు, అసలు మందు పేర్లు ఇంగ్లీషులో రాయించుకోండి. నాన్న మందుని "తెల్ల మాత్ర, సగం గీత ఉంటది" అని అమ్మ చెబితే ఆ డాక్టరు ఏం చేస్తాడు పాపం? పాత ఈసీజీ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుందంట. మా దగ్గర లేదు, నెల్లూరులో బీరువాలో ఉంది. నిద్రమాత్రలు, కోడీన్ లాంటి నొప్పి మందులకి సింగపూర్‌లో కఠినమైన నియమాలున్నాయి, ముందే అనుమతి అడగండి. ఇన్సులిన్ వాడేవాళ్లు గదిలో ఫ్రిజ్ చల్లబడుతుందో లేదో చేయి పెట్టి చూడండి. ఊరికే బాటిళ్లు పెట్టే అల్మారాలా ఉంటాయి కొన్ని.

షుగరు వాళ్లకి అసలు ప్రమాదం బఫేనే. నాలుగు రకాల స్వీట్లు, ఇరవై నాలుగు గంటలూ.

గర్భిణులు, పసిపిల్లలు, డయాలసిస్ వాళ్లు?

ప్రయాణం ముగిసేలోపు 24వ వారంలో పడే గర్భిణుల్ని ఎక్కువ కంపెనీలు ఎక్కించుకోవు. పసిపిల్లలకి కనీసం ఆర్నెల్లు ఉండాలంటారు, దూర సముద్ర ప్రయాణాలకి ఏడాది. మామూలు డయాలసిస్ ఓడలో ఉండదనుకోండి.

ఓడలో ఎవరైనా పోతే?

ఓడల్లో శవాన్ని భద్రపరిచే చల్లటి గది ఉంటుంది. తర్వాతి పెద్ద రేవులో అప్పగిస్తారు, అక్కడి చట్టం ప్రకారం కాగితాలు నడుస్తాయి.

మళ్లీ పోతారా?

నాన్న సిద్ధం. విశాఖ చూపిస్తామని సగంలో దించేశారని ఇప్పటికీ సణుగుతాడు. ఈసీజీని లామినేషన్ చేయించి చేతి సంచిలో పెట్టుకున్నాడు, కూరగాయలకి పోయినా అది వెంట ఉంటుంది. అమ్మ మాత్రం మైపాడు బీచిలో మోకాళ్ల లోతుదాకా అయితే సరేనంటోంది.